పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చాక ఎగిరేవాళ్ళెందరు, హెడ్‌సెట్ అటకెక్కించేవాళ్ళెందరు?

ప్లానో_పక్షి
వచ్చే నెల చెక్‌రైడ్ (లైసెన్స్‌కి చివరి పరీక్ష). డాలస్ అడిసన్‌లో స్కూలు, సెస్నా 172ఎస్ విమానం, ఇప్పటికి 61 గంటలు. స్కూల్లో ఎవర్ని కదిపినా ఒకటే మాట, లైసెన్స్ వచ్చాక రెండో ఏడాదికల్లా చాలామంది కనబడరట. నిజమేనా? నిజమైతే ఎందుకు? ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చని అడుగుతున్నా. "డబ్బులుంటే ఎగురుతారు, లేకపోతే లేదు" అనే జవాబు మాత్రం వద్దు.

క్రాస్‌విండ్_రాజు
డబ్బులుంటే ఎగురుతారు, లేకపోతే లేదు.

ప్లానో_పక్షి
రాజు గారూ, మీ నుంచి ఇదే వస్తుందనుకున్నా.

గూటిలో_గద్ద
కాగితాలు చూసి ఆ లెక్క తేల్చలేం. లైసెన్స్ ప్లాస్టిక్ కార్డుకి గడువు లేదు. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) వాళ్ళు "యాక్టివ్" అని లెక్కేసేది మెడికల్‌ని (ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్‌ని) బట్టి. నలభై దాటకపోతే థర్డ్ క్లాస్ మెడికల్ 60 నెలలు నడుస్తుంది. చెక్‌రైడ్ మర్నాడే మానేసినవాడు కూడా ఇంకో నాలుగేళ్ళు లెక్కల్లో పైలటే.

ఎందుకు మానేస్తారంటే, చెక్‌రైడ్ దాకా వారానికి రెండు పాఠాలు, తర్వాత ఏం చేయాలో ఇన్‌స్ట్రక్టర్ చెప్తాడు. కార్డు వచ్చిన మర్నాటి నుంచి ఫోన్ చేసేవాడు ఉండడు. మూడు నెలలు గడుస్తాయి. పాసింజర్ కరెన్సీ (మనుషుల్ని ఎక్కించుకునే అర్హత) పోతుంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు లేకపోతే ఎవర్నీ ఎక్కించుకోకూడదు. సోలోగా వెళ్ళి ఆ మూడూ చేసుకోవచ్చు, రూలు అడ్డు రాదు. కానీ మూడు నెలలు కూర్చున్న మనిషికి ఒంటరిగా వెళ్ళాలంటే చేతులు వణుకుతాయి. ఇన్‌స్ట్రక్టర్‌ని పిలవడానికి మొహమాటం, "లైసెన్స్ ఉండి మళ్ళీ పాఠమా" అని. అక్కడ ఆగిపోతారు.

ఎడిసన్_172
గద్ద గారు చెప్పింది కరెక్టే గానీ రాజు గారిని అంత తేలిగ్గా తీసేయకండి. 172ఎస్ అద్దె ఇంధనంతో కలిపి గంటకి 180 డాలర్లు అనుకుందాం. మీ ఏరియాలో ఫ్రెడరిక్స్‌బర్గ్ ఎయిర్‌పోర్టు డైనర్‌కి అందరూ వెళ్తారుగా. అడిసన్ నుంచి 195 నాటికల్ మైళ్ళు. పోనూ రానూ, ట్యాక్సీ, రన్-అప్ (ఎగిరే ముందు ఇంజిన్ పరీక్ష) కలిపి హాబ్స్ మీటరు మీద 3.8 గంటలు. 684 డాలర్లు. ఎగిరెళ్ళి తినొచ్చే 100 డాలర్ల బర్గర్ అన్నది మన తాతల కాలం మాట.

క్రాస్‌విండ్_రాజు
అదే నేను ఒక్క ముక్కలో చెప్పా.

మిర్చిబజ్జీ_మాక్1
684కి బర్గరేనా, కనీసం పెసరట్టు ఉప్మా అయినా దొరకదా అక్కడ 😀

పద్మ_పైపర్
684 ఒక్కరే పెట్టుకోవాలని ఎవరన్నారు? ముగ్గురు వెళ్తే తలకి 228. పైలట్ తన వాటా తగ్గించుకోకూడదు, అంతే. నలుగురుంటే కనీసం నాలుగో వంతు తనే కట్టాలి. పంచుకోవడానికి వీలున్నవి ఇంధనం, ఆయిల్, ఎయిర్‌పోర్టు ఖర్చులు, అద్దె. హెడ్‌సెట్ డబ్బులో, మీ ఫోర్‌ఫ్లైట్ యాప్ చందానో అందులో కలిపితే రూలు దాటినట్టే.

ఇంకోటి. వెళ్ళే పని అందరికీ ఉమ్మడిగా ఉండాలి. తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో "ఆదివారం హడ్సన్ నది మీద రైడ్, తలకి 80 డాలర్లు, మూడు సీట్లున్నాయి" అని పెట్టారనుకోండి, దాన్ని హోల్డింగ్ అవుట్ అంటారు. ప్రైవేట్ లైసెన్స్‌తో టాక్సీ నడిపినట్టు. కార్డుకే ఎసరు. తెలిసిన స్నేహితుడిని "నేను ఫలానా చోటికి వెళ్తున్నా, వస్తావా" అని అడగడం వేరు.

ఎడిసన్_172
ఆ హడ్సన్ రైడ్ పోస్టులు మా న్యూజెర్సీ గ్రూపుల్లో నిజంగానే కనబడతాయి. పెట్టేవాళ్ళకి రూలు తెలియక కాదు, ఎవరూ చూడరనుకుంటారు.

బరువు_లెక్కల_భాస్కర్
ముగ్గురు, నలుగురు అంటున్నారు, ఎవరైనా బరువు కట్టారా? 172ఎస్ గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. జీ1000 (డిజిటల్ తెరల ప్యానెల్) ఉన్న విమానం ఖాళీ బరువు 1,700 దగ్గర. మిగిలింది 850. ట్యాంకులు నిండితే వాడకానికొచ్చే పెట్రోలు 53 గ్యాలన్లు, గ్యాలన్‌కి 6 పౌండ్లు చొప్పున 318. ఇక మనుషులకీ సామానుకీ 532 పౌండ్లు, 240 కిలోలు. 75 కిలోల మనుషులు ముగ్గురు ఎక్కితే ఇంకో 15 కిలోలు.

నలుగురు పెద్దవాళ్ళయితే 661 పౌండ్లు. పెట్రోలుకి 189 పౌండ్లే మిగులుతాయి, అంటే 31 గ్యాలన్లు. గంటకి 9 చొప్పున దాదాపు మూడున్నర గంటలు అనిపిస్తుంది. పగటి వీఎఫ్ఆర్‌కి (బయటికి చూస్తూ ఎగరడానికి) చట్టం అడిగే 30 నిమిషాల నిల్వ తీసేసి, అది చాలదని మీ బుర్ర అడిగే ఇంకో అరగంట తీసేస్తే రెండు గంటల పైచిలుకు. ఫ్రెడరిక్స్‌బర్గ్ చేరతారు, తిరుగు ప్రయాణానికి అక్కడ పెట్రోలు పోయించుకోవాలి.

పీపీఎల్ మొదలెట్టేటప్పుడు "కుటుంబంతో కలిసి ఎగరొచ్చు" అని ఊహించుకుంటారు. కార్డు వచ్చాక ఈ కాగితం వేసి చూసుకుంటారు. మానేసేవాళ్ళలో కొందరు ఇక్కడే.

మిర్చిబజ్జీ_మాక్1
గోంగూర పచ్చడి జాడీ రెండు కిలోలు కలిపారా లేదా?

బరువు_లెక్కల_భాస్కర్
బ్యాగేజ్ ఏరియా ఏ. పరిమితి 120 పౌండ్లు. మూత బిగించండి, ఎత్తుకెళ్ళే కొద్దీ నూనె బయటికొస్తుంది.

బేగంపేట_గాలి
మీరంతా అమెరికా లెక్కలు చెప్తున్నరు. ఇక్కడ సంగతి వేరే. హైదరాబాద్‌ల పీపీఎల్ తీస్కునేటోళ్ళు ఎక్కువ మంది సీపీఎల్ (కమర్షియల్ లైసెన్స్) తొవ్వల ఉన్నోళ్ళే. షోకుకు ఎగిరెటోళ్ళు చాన తక్కువ. బేగంపేటల ప్యాసింజర్ విమానాలు 2008 మార్చిల శంషాబాద్‌కు పోయినయ్, ట్రైనింగ్ విమానాలు మిగిలినయ్. గంట సేపు లోకల్ పోవాలన్నా ముందు స్లాట్ దొరకాలె. బయటి ఊరికంటే ఫ్లైట్ ప్లాన్, ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్) నంబర్, ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్. పొద్దు గూకినంక 20 నిమిషాల నుంచి పొద్దు పొడిచే ముందు 20 నిమిషాల దాకా వీఎఫ్ఆర్ బంద్. ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) అన్ని ఎయిర్‌పోర్టులల్ల దొరకది, ముందుగాల ఫోన్ కొట్టి అడగాలె. గివన్నీ దాటి బర్గర్ తినుడు యాడిది.

పద్మ_పైపర్
బేగంపేట అన్నా, అక్కడి లైసెన్స్ ఉన్నవాళ్ళు సెలవులకి ఇక్కడికొచ్చి ఎగరొచ్చుగా. రూలు 61.75 కింద డీజీసీఏ (భారత విమానయాన సంస్థ) లైసెన్స్ ఆధారంగా ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ ఇస్తారు. ముందు ఎఫ్‌ఏఏ వాళ్ళు డీజీసీఏతో లైసెన్స్ నిజమేనా అని సరిచూసుకుంటారు. ఆ లేఖ రావడానికి టైమ్ పడుతుంది, టికెట్ కొనకముందే మొదలెట్టాలి. వచ్చాక ఫ్లైట్ రివ్యూ (ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని సరిచూడటం).

బేగంపేట_గాలి
తిరగేస్తే కుదరదు మల్ల. ఎఫ్‌ఏఏ కార్డు జేబుల పెట్టుకొని ఈడికొచ్చి వీటీ (ఇండియా) రిజిస్ట్రేషన్ విమానం ముట్టుకోవద్దు. డీజీసీఏ కన్వర్షన్ కావాలె, పరీక్షలు రాయాలె.

గూటిలో_గద్ద
మళ్ళీ ప్లానో_పక్షి ప్రశ్నకి. ఆపేయడానికి ఇంకో పెద్ద కారణం వాతావరణం. వీఎఫ్ఆర్ పైలట్ శనివారం పొద్దున్న బుక్ చేస్తాడు, మేఘం 1,200 అడుగుల్లో, క్యాన్సిల్. వచ్చే శనివారం గాలి 22 నాట్లు, ఉండుండి 31, క్యాన్సిల్. మూడో శనివారం పిల్లల పుట్టినరోజు. అలా రెండు నెలలు. మీ టెక్సస్‌లో వేసవి ఇంకో రకం. అడిసన్ ఎత్తు 645 అడుగులే, 38 డిగ్రీల ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (పలచబడ్డ గాలిలో విమానానికి అనిపించే ఎత్తు) 3,500 అడుగులు దాటుతుంది. మధ్యాహ్నం రెండుకి ఆ కుదుపుల్లో స్నేహితుణ్ణి తీసుకెళ్తే వాడు సంచిలో వాంతి చేసుకుని ఇంకెప్పుడూ ఎక్కడు. పొద్దున్న ఏడింటికి వెళ్తే అదే విమానం పల్లకీలా ఉంటుంది.

క్రాస్‌విండ్_రాజు
అందుకే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మేఘాల్లోనూ ఎగిరే అర్హత) వెంటనే మొదలెట్టాలి. దానికి డబ్బులుండాలి. (మళ్ళీ అక్కడికే.)

ఫాగుల్స్_ఫణి
తెలివిగా చేస్తే మరీ అంత కాదు రాజు అన్నా. కావాల్సింది 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్. అందులో 15 గంటలు సీఎఫ్ఐఐ (ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్)తో. మిగతా 25 సేఫ్టీ పైలట్‌తో చేసుకోవచ్చు. ఇద్దరు పీపీఎల్ వాళ్ళు జతకట్టి, ఒకరు ఫాగుల్స్ (బయట కనబడకుండా చేసే కళ్ళజోడు) పెట్టుకుని నడుపుతుంటే రెండోవాడు బయట చూస్తుంటాడు. విమానానికి పైలట్ ఇన్ కమాండ్ సేఫ్టీ పైలటే అని బయల్దేరే ముందే మాట్లాడుకుంటే, ఫాగుల్స్ కింద ఉన్నంతసేపూ ఇద్దరూ పీఐసీ రాసుకోవచ్చు. అద్దె సగం సగం.

మోసపోయే చోట్లు రెండు. ఒకటి, ల్యాండింగులు నడిపినవాడి లాగ్‌బుక్‌లోకే. పక్క సీట్లో కూర్చుని 90 రోజుల కరెన్సీ రాదు. రెండు, క్రాస్ కంట్రీ (దూరపు ప్రయాణం) టైమ్ సేఫ్టీ పైలట్ రాసుకోకూడదు. రేటింగ్‌కి కావాల్సిన 50 గంటల పీఐసీ క్రాస్ కంట్రీ ఎవరిది వాళ్ళే నడపాలి. కాబట్టి వెళ్ళేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు.

ప్లానో_పక్షి
ఫణి గారూ, ఇది బాగుంది. నాది హెచ్1బీ. ఇన్‌స్ట్రుమెంట్‌కి మళ్ళీ టీఎస్ఏ (రవాణా భద్రతా సంస్థ) అనుమతి కావాలా?

ఫాగుల్స్_ఫణి
2024లో రూలు మారాక అనుమతి ఒకసారి వస్తే ఐదేళ్ళు నడుస్తుంది, కానీ కొత్త శిక్షణ సంగతి స్కూలు టీఎస్ఏకి తెలపాలి. మొదటి లైసెన్స్, ఇన్‌స్ట్రుమెంట్, మల్టీ ఇంజిన్, మూడూ టీఎస్ఏ కిందకే. సీఎఫ్ఐఐతో మొదటి గంట ఎగరకముందే అయిపోవాలి. స్కూలు మారితే కొత్త స్కూలు తరఫున కూడా చూసుకో. సేఫ్టీ పైలట్‌తో మీరిద్దరూ ఎగరడం శిక్షణ కాదు, దానికి అక్కర్లేదు.

రెక్కల_రామం
ఇంత చర్చ ఎందుకు, సొంతంగా ఒక పాత పైపర్ చెరొకీ విమానం కొనుక్కుంటే పోలా. తాళం మన జేబులో ఉంటే వారం వారం ఎగురుతాం. అద్దె విమానం రెండ్రోజులు పట్టుకెళ్ళాలంటే రోజుకి రెండు మూడు గంటల కనీస బిల్లు వేస్తారు.

ఎడిసన్_172
హెచ్1బీ మీద సొంత పేరున ఎన్-రిజిస్ట్రేషన్ (అమెరికా రిజిస్ట్రేషన్) రాదు రామం గారూ. సిటిజెన్ గానీ గ్రీన్ కార్డు గానీ ఉండాలి. లేదంటే ట్రస్టు పెట్టి ఏటా దానికి ఫీజు కట్టాలి.

మెకానిక్_బాబాయ్
"తాళం జేబులో ఉంటే ఎగురుతాం" అన్నది వినడానికి బాగుంది. హ్యాంగర్ల వరసలో నడిచి చూడండి, టైర్లలో గాలి దిగిపోయి, కౌలింగ్ (ఇంజిన్ పైకప్పు)లో పిచ్చుక గూళ్ళతో ఎన్ని ఉన్నాయో.

ఎగరని విమానానికి జరిగేది చెప్తా. లైకమింగ్ ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఆయిల్ అంతా కిందికి సంప్‌లోకి దిగిపోతుంది. నాలుగైదు వారాలు నిలబెడితే క్యామ్ లోబ్‌ల మీదా లిఫ్టర్ల ముఖాల మీదా పూత పోయి తేమకి సన్నటి తుప్పు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ తుప్పు గరుకు కాగితంలా గీస్తుంది. లిఫ్టర్ ముఖం పెచ్చులు లేస్తుంది. ఫిల్టర్ కోసి చూస్తే అయస్కాంతానికి అంటుకునే పొడి. అప్పుడు కేసు విప్పాల్సిందే.

దీనికి కొందరు చేసే వైద్యం ఇంకా చెడ్డది. ఆదివారం వచ్చి పది నిమిషాలు నేల మీద ఇంజిన్ తిప్పి, "ఎక్సర్‌సైజ్ చేయించా" అని వెళ్ళిపోతారు. ఆయిల్ 180 ఫారెన్‌హీట్ దగ్గరికి చేరి కనీసం అరగంట అక్కడ ఉంటేనే లోపలి తేమ ఆవిరైపోయేది. పది నిమిషాల్లో కొత్త తేమ చేరుతుంది తప్ప పాతది పోదు. ఎగరగలిగితే ఎగరండి, లేకపోతే ముట్టుకోకండి. ఆయిలు ఫిల్టరుతో ఉన్న ఇంజిన్‌కి 50 గంటలకీ లేదా నాలుగు నెలలకీ, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. నెలకి ఒక గంట ఎగిరేవాళ్ళందరికీ ఆ నాలుగు నెలలే ముందొస్తుంది. "ఇంకా 50 కాలేదుగా" అంటారు.

ఏడాదికి వంద గంటలు ఎగరకపోతే ఒక్కడికీ సొంత విమానం దండగ. స్కూల్లో రోజూ తిరిగే అద్దె 172 రంగు వెలిసి, సీటు చిరిగి ఉంటుంది గానీ దాని ఇంజిన్ ఆరోగ్యం మీ మెరిసే చెరొకీ కంటే మేలు.

రెక్కల_రామం
బాబాయ్ గారూ, అలా అయితే నలుగురు కలిసి కొంటే? ఒక్కొక్కడు 30 గంటలు ఎగిరినా విమానానికి 120.

మెకానిక్_బాబాయ్
అది సరైన లెక్క. ముందే కాగితం రాసుకోండి: ఆన్యువల్ (ఏటా జరిగే తనిఖీ)లో ఊహించని బిల్లు వస్తే ఎవరెంత, ఒకడు బయటికెళ్తే వాటా ఎవరు ఎంతకి కొనాలి, ఇంజిన్ రిజర్వ్ గంటకెంత. ఓ-320 ఇంజిన్ ఓవర్‌హాల్ 35 వేల డాలర్లు అనుకుంటే, 2,000 గంటల టీబీఓ (ఓవర్‌హాల్‌కీ ఓవర్‌హాల్‌కీ మధ్య గడువు) మీద గంటకి 17.50 పక్కన పెట్టాలి. అది పెట్టని భాగస్వామ్యాలు ఓవర్‌హాల్ రోజున విడిపోతాయి, అన్నదమ్ములు పొలం గట్టు మీద విడిపోయినట్టు.

పద్మ_పైపర్
కొనడానికీ అద్దెకీ మధ్యలో ఫ్లయింగ్ క్లబ్బు ఉంది, దాన్ని మర్చిపోయారు. చేరేటప్పుడు కొంత, నెల నెలా కొంత, ఆపైన గంటకి. క్లబ్బు ధర చూసేటప్పుడు హాబ్స్ గంటా, ట్యాక్ గంటా అని అడగండి. ట్యాక్ ఆర్‌పీఎమ్‌ని బట్టి తిరుగుతుంది, ట్యాక్సీలో, రన్‌వే చుట్టూ పాటర్న్‌లో నెమ్మది. అదే ఫ్లైట్‌కి హాబ్స్ కంటే 10 నుంచి 20 శాతం తక్కువ చూపిస్తుంది. 150 డ్రై అన్నాడా, వెట్ అన్నాడా అన్నది కూడా. డ్రై అయితే పెట్రోలు మీదే.

నా దృష్టిలో క్లబ్బులో అసలు లాభం ధర కాదు. నెల నెలా జీతంలోంచి డబ్బు కట్ అవుతుంటే "ఎలాగూ కడుతున్నాం కదా" అని మనిషి వెళ్తాడు.

మిర్చిబజ్జీ_మాక్1
జిమ్ మెంబర్‌షిప్ కూడా అలాగే అనుకుని కట్టారు మన జనం మేడమ్.

పద్మ_పైపర్
జిమ్‌లో పక్క మెషీన్ వాడు "నువ్వు 60 రోజులుగా రాలేదు, చెకౌట్ మళ్ళీ చేయించుకో" అనడు. క్లబ్బులో అంటారు.

క్రాస్‌విండ్_రాజు
అద్దెకి తీసుకునేవాళ్ళు రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకోండి. స్కూలు పాలసీ ఉందిగా అనుకుంటారు. అది స్కూలుని కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. వాళ్ళకి డబ్బు ఇచ్చేసిన కంపెనీ మీ మీదకే రావచ్చు. ప్రొపెల్లర్ నేలకి తగిలితే ఇంజిన్ విప్పి చూడాల్సిందే, పది వేలతో తెమలదు.

గూటిలో_గద్ద
తుప్పు ఇంజిన్‌కే కాదు, మనిషికీ పడుతుంది. ఏది ముందు పోతుందంటే రేడియోలో మాట్లాడటం, తర్వాత ల్యాండింగ్ వేగం. 172ఎస్‌లో ఫ్లాప్స్ 30తో ఫైనల్‌లో (దిగే చివరి దారిలో) 65 నాట్లు చాలు. తుప్పు పట్టినవాడు భయంతో 75తో వస్తాడు. విమానం తేలుతూ పోతుంది, దిగట్లేదని ముక్కు కిందికి తోస్తాడు, ముక్కు చక్రం ముందు తగులుతుంది, ఎగిరి పడుతుంది, మళ్ళీ తోస్తాడు. రెండో మూడో గెంతుకి ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనక గోడ) ముడత. మొదటి గెంతుకే ఫుల్ పవర్, గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్ళీ పైకి) చేయాలి. ఆ పని చేతికి రావాలంటే నెలకోసారైనా చేస్తుండాలి.

నెలకి ఒక్క గంటే ఉందనుకోండి, ఊరి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని రాకండి. రెండు 45 డిగ్రీల స్టీప్ టర్న్‌లు, కాసేపు స్లో ఫ్లైట్, పవర్ తీసి ఒక స్టాల్ (రెక్కలకి లిఫ్ట్ పోయేలా చేసి కోలుకోవడం), పవర్‌తో ఒకటి, ఇంజిన్ ఆగినట్టు ఒక గ్లైడ్. తిరిగొచ్చి మామూలు ల్యాండింగ్ ఒకటి, షార్ట్ ఫీల్డ్ ఒకటి, ఫ్లాప్ లేకుండా ఒకటి, మధ్యలో ఒక గో-అరౌండ్. దీంతో 90 రోజుల మూడూ వచ్చేస్తాయి. పగటికి టచ్ అండ్ గో (నేల తాకి వెంటనే ఎగరడం) చాలు. టెయిల్‌వీల్ (తోక చక్రం) విమానాలకీ రాత్రికీ మాత్రం ఆగే దాకా దిగాలి. రాత్రి కరెన్సీకి సూర్యాస్తమయం అయిన గంట తర్వాతే లెక్క.

మిర్చిబజ్జీ_మాక్1
లైట్లు వేసుకునే రాత్రి ఒకటి, లాగ్‌బుక్‌లో రాసుకునే రాత్రి ఒకటి, ల్యాండింగులకి ఇంకో రాత్రి. పంచాంగం నయం.

తిరిగొచ్చిన_తూనీగ
ఇప్పటికే ఏళ్ళ తరబడి మానేసినవాళ్ళ సంగతి? పిల్లలు కాలేజీకి వెళ్ళాక మళ్ళీ మొదలెట్టాలనుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.

గూటిలో_గద్ద
కార్డు అలాగే ఉంటుంది. చెక్‌రైడ్ మళ్ళీ అక్కర్లేదు, ఫ్లైట్ రివ్యూ చాలు. చట్టం ప్రకారం కనీసం గంట గ్రౌండ్, గంట ఫ్లైట్. ఇన్‌స్ట్రక్టర్ తృప్తిపడేదాకా సాగుతుంది. మానేసిన ఒక్కో ఏడాదికి ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక గంట అని చేతి లెక్క. ఏఓపీఏ (పైలట్ల సంఘం) వాళ్ళ రస్టీ పైలట్స్ సెమినార్‌కి వెళ్తే గ్రౌండ్ భాగం తేలికవుతుంది. 2020కి ముందు మానేసినవాళ్ళయితే ఏడీఎస్-బీ (విమానం ఎక్కడుందో ప్రసారం చేసే పరికరం) గురించి చదువుకోండి. ఆ ఏడాది జనవరి నుంచి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 30 మైళ్ళ వలయంలో అది తప్పనిసరి, డాలస్ వాళ్ళు దాదాపు అందరూ అందులోనే.

పద్మ_పైపర్
మెడికల్ దగ్గర జాగ్రత్త. 2006 జులై 14 తర్వాత ఎప్పుడైనా మెడికల్ ఉండి, చివరిది తిరస్కరణ కాకపోతే బేసిక్‌మెడ్ చాలు. నాలుగేళ్ళకోసారి మామూలు డాక్టర్ చెకప్, రెండేళ్ళకోసారి ఆన్‌లైన్ కోర్సు. 2025 అక్టోబర్ నుంచి మొజాయిక్ రూలు వచ్చాక ఇంకో దారి కూడా ఉంది. డ్రైవింగ్ లైసెన్స్‌ని మెడికల్‌గా పెట్టుకుని స్పోర్ట్ పైలట్ హక్కులతో పగలు, ఒక్క పాసింజర్‌తో, 172 లాంటిదే నడపొచ్చు.

మనవాళ్ళు చేసే తప్పు ఇది: షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ, కాగితాలేవీ లేకుండా నేరుగా మెడికల్‌కి అప్లై చేయడం. ఒకసారి తిరస్కరించారంటే బేసిక్‌మెడ్, డ్రైవింగ్ లైసెన్స్ దారులు రెండూ మూసుకుంటాయి. ముందు ఏఎమ్ఈ (మెడికల్ ఇచ్చే డాక్టర్)తో పరీక్షగా కాదు, సలహాగా మాట్లాడండి. ఏ రిపోర్టులు కావాలో అడిగి, అవి చేతిలో పెట్టుకుని అప్పుడు ఫారం నొక్కండి.

తిరిగొచ్చిన_తూనీగ
ఈ ఒక్క ముక్క కోసమైనా ఈ థ్రెడ్ పైన పిన్ చేయాలి.

ప్లానో_పక్షి
అందరివీ చదివాక చేస్తున్నది: చెక్‌రైడ్ తర్వాతి శనివారం పొద్దున్న ఏడింటికి, ఆపైన ప్రతి రెండో శనివారం, ఆరు నెలలకి 172 ఇప్పుడే బుక్ చేశా. టీఎస్ఏకి తెలపమని స్కూలుకి చెప్పా. అడిసన్, మెకిన్నీ దగ్గర ఫాగుల్స్ జత కావాలి, ఉన్నవాళ్ళు మెసేజ్ పెట్టండి. నా బరువు 71 కిలోలు, భాస్కర్ గారు అడగకముందే.

బరువు_లెక్కల_భాస్కర్
బూట్లతోనా?

క్రాస్‌విండ్_రాజు
శుక్రవారం రాత్రే స్క్వాక్ షీట్ (విమానం లోపాల పట్టీ) చూసుకో. శనివారం ఏడింటి బుకింగ్ ఉన్న విమానానికి ఎడమ టైరు శుక్రవారం సాయంత్రమే ఫ్లాట్ అవుతుంది.